మనోడి చెయ్యి

తిరుమణిలో నారప్పకు ఏ పని పడినా మనోడు ఒకడు ఉండాల్సిందే. భూమి సోలారోళ్లకు లీజుకిచ్చేటప్పుడు తాలూకాఫీసులో మనోడు, కొడుకు అమరనాథ్‌ను ప్లాంటు పనిలో పెట్టించేదానికి మనోడు. ఇప్పుడు మనవరాలు నయన గుండెలో రంధ్రం ఉండాదని తేలితే దానికీ ఒక మనోడు దొరికినాడు. సొంత చెల్లెలి కొడుకు ప్రశాంత్‌కుమార్, గుండె ఆపరేషన్ల డాక్టరు. కొత్తగా తెరిచిన చిన్నాసుపత్రిలో పనికి చేరినాడు.

"బెంగళూరు పెద్దాసుపత్రిలో సంతలో మాదిరి జనం. బిడ్డ పేరు గూడా ఎవుడూ అడగడు. మనోడైతే కన్నబిడ్డ మాదిరి చూసుకుంటాడు" అని తీర్పు చెప్పేసినాడు నారప్ప.

కోడలు సింధుశ్రీకి ఒళ్లు మండింది. ఆ సంతను చూసొచ్చిందే ఆమె. నయనను చూపించను పోయి, వార్డు బయట పొద్దంతా కాచుకోనుండింది. ఆడ ఇట్లాంటి పిల్లోళ్లకు దినామూ కోస్తారు, దినామూ నడిపించి ఇండ్లకు పంపిస్తారు. ఒక బిడ్డ పెదాల రంగు చూసి, మిషను మోగకముందే నర్సు డాక్టర్ని పిలుచుకొచ్చింది. పేరు అడిగితే ఎంత, అడక్కపోతే ఎంత? ఇది ఈ ముసలాయన తలకెక్కితే కదా!

ఆదివారం ప్రశాంత్‌కుమార్‌ను భోజనానికి పిలిపించినాడు నారప్ప. నాటుకోడి పులుసు, రాగిముద్ద. సింధుశ్రీ అందరికీ వడ్డించి, లోపలికి పోకుండా ఆడే నిలబడింది.

"అన్నా, మీ ఆసుపత్రిలో చిన్నబిడ్డల గుండెలు ఎన్ని కోసినారు?"

"అన్నం కాడ అడిగే మాటనా అది?" అని గద్దించినాడు నారప్ప.

"నేను అన్నను అడిగినా."

ప్రశాంత్‌కుమార్ రాగిముద్ద తుంచుకున్నాడు. "మిషన్లన్నీ కొత్తవేమ్మా. బెంగళూరులో సీనియర్ల పక్కన నిలబడి శానా చూసినాను."

"చూసినవి కాదన్నా. మీ కాడ చేసినవి."

"నయన రెండోదవుతాది."

"మొదటి బిడ్డ ఎట్లుండాది?"

అతను తలెత్తలేదు. "ఆపరేషన్ బాగానే అయిందమ్మా. మరుసటి దినం ఒంట్లో తేడా వచ్చింది. నర్సులకు ఇంకా అలవాటు లేదు. వాళ్లు కనిపెట్టేలోపలే..."

అమరనాథ్ నోట్లో పెట్టుకోబోయిన ముద్ద కింద పెట్టేసినాడు. నారప్ప మాత్రం పులుసు కలుపుకుంటానే ఉండాడు.

"సరేలేప్పా, ఒకటి అయిపోయింది కదా. ఇప్పటికి అలవాటు పడింటారు."

సింధుశ్రీ గరిటె గిన్నెలో పడేసింది. ఎవురో కన్నతల్లి బిడ్డ, ఈయన నోట ఒకటి! "అలవాటు పడినారా అన్నా?" అని అడిగింది.

"ఆ నర్సులు పని మానుకొని పోయినారమ్మా. ఇప్పుడుండేది కొత్తోళ్లు" అన్నాడు ప్రశాంత్‌కుమార్, గొంతు తగ్గించి.

సింధుశ్రీ లోపలికి పోయి నయనను చంకనేసుకొని, గుడ్డల సంచి పట్టుకొని వచ్చింది. నారప్ప ఎంగిలిచెయ్యి ఎత్తి వాకిలికేసి చూపించినాడు.

"ఇంటికొచ్చిన మనిషి పరువు తీసినావు. గడప దాటితే మళ్లా రావద్దు. నాకు కోడలు లేదనుకుంటా."

"అనుకో మామా. నాకు బిడ్డ లేదనుకునేది చేతకాదు."

అమరనాథ్ చెయ్యి కడుక్కొని, నాయన దిక్కు చూడకుండా బండి బయటికి తీసినాడు.