ఇప్పలకుంటను మోసిన డబ్బా

నేను ఒక ఇనుప డబ్బాను అనుకుంటారు నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లు. బరువు చూసి, అటూ ఇటూ తిప్పి పక్కన పెడతారు. కంప్యూటర్లు తెలిసినవాళ్లు మాత్రం హార్డ్ డిస్క్ అంటారు. నా లోపల అద్దాల్లాంటి పళ్లేలు గిరగిరా తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, వెంట్రుక పట్టనంత ఎడంలో ఒక సన్నని ముల్లు ఎగురుతూ రాస్తుంటుంది, రాసింది చదువుతుంటుంది. ఆ ఎడంలోకి ఒక్క దుమ్ము రేణువు వచ్చినా నా బతుకు అయిపోయినట్టే.

అందుకే నన్ను దుమ్ము లేని గదిలో పుట్టించారు. సముద్రం అవతల ఏదో దేశంలో, కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా తెల్లబట్టలు కప్పుకున్న ఆడవాళ్లు నన్ను తయారుచేశారు. వాళ్ల ఊపిరి కూడా నాకు సోకనివ్వలేదు. లోపలి గాలి, బయటి గాలి సమంగా ఉండాలని నా పైన ఒక చిన్న రంధ్రం మాత్రం వదిలారు. దాన్ని నా ముక్కు అనుకోండి. ఈ రంధ్రాన్ని మూయవద్దని పక్కనే ఇంగ్లీషులో అచ్చు వేశారు. మనుషులు చాలా ముఖ్యమైన మాటను చాలా చిన్న అక్షరాల్లో రాస్తారు.

అంత అపురూపంగా పుట్టినదాన్ని తెచ్చి బొగ్గు గనుల పట్టణంలో పడేశారు. అక్కడ ఉదయం ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిద రంగులోకి మారుతుంది. బస్టాండు పక్కన ఒక గేమ్స్ సెంటర్‌లో నా కొలువు మొదలైంది. బడి ఎగ్గొట్టిన పిల్లలు వచ్చి తుపాకులతో ఒకరినొకరు కాల్చుకునేవారు. చచ్చినవాడు మరుక్షణం లేచి మళ్లీ తుపాకి పట్టేవాడు. చావంటే అంతేనని చాలాకాలం నేనూ అనుకున్నాను. తర్వాత ఆటలన్నీ ఫోన్లలోకి పోయాయి, సెంటర్ మూతపడింది. సామాను అమ్ముతుంటే అందరూ కుర్చీలు, ఫ్యాన్లు చూసుకుంటుంటే ఒకే ఒక మనిషి నన్ను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపి విన్నాడు. అతని పేరు ఓదెలు.

ఓదెలు ఓపెన్‌కాస్ట్ గనిలో పంపు ఆపరేటర్. గనిలో ఊరిన నీళ్లను బయటికి తోడించడం అతని పని. డ్యూటీ దిగితే కంప్యూటరే అతని లోకం. పాత సామానుతో తనే ఒకటి బిగించుకున్నాడు. మౌసు అడుగున పేరుకున్న మురికిని గోటితో గీకేవాడు. కీబోర్డు మీటలన్నీ ఊడబెరికి, షాంపూ నీళ్లలో కడిగి, చాటలో పోసి ఎండబెట్టేవాడు. ఒకసారి అతని భార్య స్వరూప చూసుకోకుండా ఆ చాటను అందుకుని రెండు మీటలను రాళ్లతోపాటు ఏరి పారేసింది.

"ఇంట్ల మనుషుల తానం సంగతి సూడడు గని, గీ కీబోర్డు పండ్లకు షాంపూ పెడ్తడు" అంది అత్తగారితో.

"ఉండనియ్యే. తాగుడు లేదు, తిరుగుడు లేదు" అంది పోశవ్వ. "మీ మామ ఉన్నప్పుడు ఎడ్లకు గట్లనే జేస్తుండె."

పోశవ్వ ఓదెలు తల్లి. ఆమె ఆ క్వార్టరుకు ఇష్టపడి రాలేదు. ఆమె ఊరు ఇప్పలకుంట. ఆ ఊరి కింద బొగ్గు దొరికింది. ఇళ్లు కూల్చారు, జనం తలొక దిక్కుకూ పోయారు. ఊరు ఉన్న చోట ఇప్పుడు ఊరంత గొయ్యి ఉంది. పొలం గట్టున పోశవ్వ భర్తను పాతిపెట్టిన బొంద కూడా ఆ గోతిలోనే పోయింది. ఓదెలు రోజూ నీళ్లు తోడేది ఆ గోతిలోంచే. ఈ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

దిమ్మె మీద దిమ్మె పేర్చి ఏది కావాలంటే అది కట్టుకునే ఆట ఒకటి ఉంది. ఓదెలు మొదట అందులో కోట కట్టాడు, విమానాశ్రయం కట్టాడు. ఒక ఆదివారం ఏం తోచిందో, ఒక చేదబావి కట్టి దాని పక్కన గూనపెంకుల ఇల్లు నిలబెట్టాడు. వెనకనుంచి పోశవ్వ వంగి చూసింది.

"గది మన బావి గాదుర?"

"మనదే అవ్వా. గుర్తువట్టినవా?"

"గుర్తువట్టకేం. గని గా ఇల్లు ఎవలది?"

"కనుకయ్య మామది."

"కనుకయ్యది తూర్పు తలుపు. నువ్వు పడమటికి పెట్టినవు. సావలేదుర వాడింక, ఎందుకు పడమటికి మళ్లిస్తవ్?"

ఓదెలు నవ్వుతూ తలుపు మార్చాడు. ఆ రోజు నుంచి నా పని మారిపోయింది. నాలో తుపాకులు రాసిన చోటే ఇళ్లు లేచాయి. పోశవ్వ పీట వేసుకుని కూర్చుని చెప్పేది, కొడుకు కట్టేవాడు. ఆమె ఒక్కనాడూ మొదటిసారికే ఒప్పుకోలేదు. అరుగు రెండు మెట్లు ఎక్కువైందనేది. చింతచెట్టు గోడకు ఇంకాస్త దగ్గరికి ఉండాలనేది. మంగలి రాజేశం ఇంటికీ కోమట్ల కొట్టుకూ నడుమ సందు అంత వెడల్పు ఉంటే ఆ రెండిళ్లకూ అన్నేళ్లు తగాదా ఎందుకు నడిచేదని నిలదీసేది. కట్టిన గోడను కూల్చి కట్టించి, మళ్లీ కూల్పించేది. ఓదెలు విసుక్కునేవాడు కాదు. ఆ కోపంలోనే ఊరు ఉందని అతనికి తెలుసు.

వేపచెట్టు కింద పోచమ్మ గద్దె కట్టాడు. పొలం గట్టున నాలుగు రాళ్లు పెట్టి తండ్రి బొంద కట్టాడు. పోశవ్వ పొద్దున్నే ముఖం కడుక్కుని వచ్చి, "ఏదీ, ఒక్కసారి తెరువు" అనేది. మొదట ఆ నాలుగు రాళ్లనే చూపించమనేది. చూసి, పైట చెంగు సర్దుకుని, వెళ్లి చాయ్ తాగేది.

"గిదంత దేంట్ల ఉన్నదిర?" అని ఒకనాడు అడిగింది. "గీ అద్దంలనా?"

"అద్దంల కనవడ్తది, అంతే. ఉన్నది మాత్రం గీ డబ్బల." ఓదెలు నన్ను చూపించాడు.

చూపించడం ఎంత సులువో చెప్పాలి. ఎండాకాలం ఆ రేకుల క్వార్టరులో కంప్యూటర్ పెట్టె పొయ్యిలా కాలేది. అందుకని పెట్టెకు పక్క మూత ఎప్పుడో తీసేశాడు. నన్ను కూడా బయటికి తీసి, పొడుగాటి వైరు తగిలించి, బల్ల మీద అట్టముక్క వేసి పడుకోబెట్టాడు. పైన ఫ్యాను గాలి. దుమ్ము పడకుండా పూటపూటకూ పెయింట్ బ్రష్‌తో తుడిచేవాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషి ఒక్క పని మాత్రం చేశాడు. ఇప్పలకుంటకు ఇంకో నకలు వేరే పాత డిస్కులో ఉండేది. కొత్తగా వచ్చిన కార్ల పందెం ఆటకు చోటు చాల్లేదు. ఆ నకలు తీసేసి ఆట ఎక్కించాడు. ఊరిని మళ్లీ ఎక్కిద్దాంలే అనుకున్నాడు. కారు తోలడంలో పడి మరిచిపోయాడు. మనుషులు తమకు ప్రాణమైనదాన్ని ఎప్పుడూ రేపటికి అప్పజెబుతారు.

శ్రావణమాసం వచ్చింది. క్వార్టర్లలో ఆడవాళ్లంతా బోనాలకు సిద్ధమయ్యారు.

"అత్తమ్మా, లైనంత పోతున్నరు. మనం గూడ కాలనీ పోచమ్మకు ఎత్తుదాం" అంది స్వరూప.

"గా పోచమ్మ గీళ్ల పోచమ్మ" అంది పోశవ్వ. "నన్ను ఎర్కవడ్తదా? నా పెండ్లి సూసిందా, నా పురుడు సూసిందా?"

"దేవత గూడ ఊరు సూస్తదా అత్తమ్మా?"

"సూడకుంటె మరి ఊరూరికి ఒకతె ఎందుకున్నది?"

స్వరూప బోనం ఎత్తుకుని తను ఒక్కతే వెళ్లింది. ఓదెలు మొదటి షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో పోశవ్వ, నేను.

ఆమె తలస్నానం చేసి వచ్చింది. నా చుట్టూ బల్లను తుడిచింది. నేను ఉత్త డబ్బాను కాదు కదా ఆమెకు. నాలో వేపచెట్టు ఉంది, దాని కింద తల్లి ఉంది. పసుపు తడిపి నా ఒంటినిండా పూసింది. బొట్టు ఎక్కడ పెట్టాలా అని వేలితో తడిమి చూసింది. నా పైన ఒక చిన్న గుంట తగిలింది. అదే నుదురు అనుకుంది. కుంకుమ తీసి అక్కడ దిద్దింది. నా ముక్కు మూసుకుపోయింది.

తర్వాత సాక పోసింది. సాక అంటే పసుపు, బెల్లం, వేపాకు కలిపిన నీళ్లు. మా వైపు పోచమ్మకు అలా చెంబుతో పోస్తేనే కడుపు చల్లబడుతుందని నమ్మకం.

"తల్లీ, సల్లగ సూడు. గోతిల వడకుంట నువ్వన్న మిగిలినవు. ఆయన గూడ నీ కాడనే ఉన్నడు. ఇద్దరు ఒక్క కాడనే ఉండుండ్రి" అంది.

చెంబెడు నీళ్లు నా మీదుగా జారి, అట్టముక్క తడిసి, బల్ల మీదుగా కింద పడ్డాయి. కొన్ని కుంకుమను కరిగించుకుని ఆ రంధ్రం గుండా లోపలికి దిగాయి. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ తాకలేదు. ఆ తెల్లబట్టల ఆడవాళ్లు కూడా. ఆమె తన చెంగుతోనే నన్ను తుడిచి, వేపాకులు ఏరి, ఎప్పటిలా సర్దింది. పసుపు పైపైన పోయింది.

సాయంత్రం ఓదెలు వచ్చి మీట నొక్కాడు. నా పళ్లేలు తిరిగాయి. ముల్లు లేచి ఇప్పలకుంటను చదవబోయింది. బెల్లం జిగటకు అతుక్కుని పళ్లెం మీద పడి గీసుకుపోయింది. టక్, టక్, టక్. ఎన్నిసార్లు చదవబోతే అన్ని గీతలు. ఊరిని మళ్లీ తవ్వినట్టయింది, ఈసారి నా చేతులతో. అతను వైరు పీకేసేసరికి అంతా అయిపోయింది.

నన్ను టవల్లో చుట్టుకుని రైల్లో సికింద్రాబాద్ తీసుకెళ్లాడు. డిస్కులు బాగుచేసే కుర్రవాడు మూత విప్పి లైటు కింద పట్టాడు.

"ఏందన్నా గిది, హల్దీ ఫంక్షన్ జేసిండ్రా దీనికి?" అని నవ్వాడు. "పిండుకుంటె పులిహోర అయితది."

ఓదెలు నవ్వలేదు. "ఏమన్న వస్తదా?" అన్నాడు.

"ఏముండె అండ్ల? ఫోటోలా?"

"ఊరుండె."

కుర్రవాడికి అర్థం కాలేదు. కానీ అతని ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "రాదన్నా. పైపొర మొత్తం లేసిపోయింది. ఏడికి వోయినా ఇదే మాట జెప్తరు" అన్నాడు. మూత బిగించి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక స్వరూపకు మాత్రం చెప్పాడు. "అవ్వతోని అనకు. ఆమె చేతులనే పోయిందని తెలిస్తే బతకది."

"నేనేమంట" అంది స్వరూప. "నన్నన్న కాసేపు ఉండుమంటె ఉందును గదా ఆ దినం" అని గోడవైపు తిరిగింది.

పోశవ్వ పొద్దున్నే ముఖం కడుక్కుని వచ్చి అడుగుతూనే ఉంది. "తెరువుర ఒక్కసారి." డబ్బా చెడిపోయిందని, బాగవుతుందని ఓదెలు రోజూ చెప్పాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. చాయ్ చల్లారినా గుర్తుండక ముందర పెట్టుకుని కూర్చునేది.

వానలు వెనకబట్టాక అతను కొత్త డిస్కు కొన్నాడు. నన్ను విప్పి కిటికీ గూట్లో, పాడైన ఛార్జర్ల పక్కన పెట్టాడు. కొత్తదానికి మూత ఉన్న చిన్న డబ్బా కూడా తెచ్చాడు, నకలుకు ఇంకో డిస్కు తెచ్చాడు. ఆట తెరిచాడు. తెర నిండా పచ్చటి నేల, దాని మీద ఏమీ లేదు. తల్లిని పిలిచి పీట వేశాడు. బావి ఒక్కటి తనే కట్టాడు.

"అవ్వా, ఇగ జెప్పు. బావి కాడినుంచి మొదలు ఎవలిల్లు?"

పోశవ్వ తెరకేసి చూసింది. తెర మీద బావి చుట్టూ వేలు తిప్పి ఆపేసింది.

"కనుకయ్య మామదా అవ్వా?"

"కనుకయ్యనా..." ఆమె ఆలోచించింది. "ఏమోర. అన్ని అండ్ల పెట్టిన అన్నవు గద నువ్వు. అన్ని పెట్టినంక నాకెందుకని నేను ఇడిసిపెట్టిన."

 స్వరూప వంటింటి గడపలో నిలబడిపోయింది. నేను గూట్లోంచి ఏం చెప్పగలను? పోశవ్వ తన తలలోంచి దించి నాలో పెట్టింది. నేను పోగొట్టాను. రెండు చోట్లా లేకుండా పోయింది.

ఓదెలు మౌసు పట్టుకుని బావి పక్కన గూనపెంకుల ఇల్లు కట్టాడు. తలుపు తూర్పుకు పెట్టాడు. "ఇట్లనేనా అవ్వా?"

"ఊఁ. ఇట్లనే."

అతను ఆ తలుపు తీసేశాడు. పడమటి గోడకు పెట్టి, తల్లి ముఖంలోకి చూస్తూ అడిగాడు.

"ఇట్లనా?"

పోశవ్వ కొడుకును చూసి మెత్తగా నవ్వింది.

"ఊఁ. ఇట్లనే బిడ్డా."