నేను కలిపిన పది

వాతావరణ కేంద్రంలో నా పని చూడ్డానికి తేలిక. పొద్దున ఎనిమిదింటికల్లా కంప్యూటరు ఇచ్చిన లెక్కలు చూసి, మా ప్రాంతానికి ఆ రోజు ఎల్లో అలర్టా, ఆరెంజా, రెడ్డా తేల్చి బులెటిన్ రాయడం. చెప్పింది చెప్పినట్టు జరిగితే మెచ్చుకునే నాథుడు ఉండడు. తప్పిందా, ఊరంతా నా మీద పడుతుంది.

పదకొండేళ్ల ఉద్యోగంలో నాకొక అలవాటు పట్టుకుంది. గాలి గంటకి యాభై కిలోమీటర్లని కంప్యూటరు చెబితే నేను అరవై అని రాసేదాన్ని. కీడెంచి మేలెంచమన్నారు కదా. ఆ పదితో ఎల్లో కావాల్సింది ఆరెంజ్ అయ్యేది, ఆరెంజ్ కావాల్సింది రెడ్ అయ్యేది. కంప్యూటరు ఎంత తెలివైనదైనా దానికి అన్నయ్య లేడు. నాకు ఉన్నాడు.

అన్నయ్య పెద్ద పెద్ద భవనాలకి బయటి నుంచి గాజు పలకలు బిగించే మేస్త్రీ. తాళ్లకి వేలాడే ఇనప తొట్టిలో నిలబడి చేసే పని. రెడ్ అంటే వాళ్ల సైటు మూసేస్తారు. ఎల్లోని ఎవరూ ఖాతరు చెయ్యరు. ఆరెంజ్ అయితే ఎక్కాలా వద్దా అనేది మేస్త్రీ ఇష్టం.

నా అలవాటు ఇంట్లో అందరికీ తెలుసు. "మా పిడుగు ఆరెంజ్ అందంటే ఎల్లో అన్నమాట. ఎల్లో అందంటే బట్టలు ఆరేసుకోవచ్చు" అని అన్నయ్య తోటి పనివాళ్లని నవ్వించేవాడు. పిడుగు అనేది చిన్నప్పుడు నాకు వాడు పెట్టిన పేరే. వదిన కూడా నా బులెటిన్‌ని ఒక మెట్టు దించి చదివేది. నేను కలుపుతానని వాళ్లు తగ్గించేవాళ్లు, వాళ్లు తగ్గిస్తారని నేను కలిపేదాన్ని. బండి అలా నడిచిపోయేది.

కిందటి నెల నేను రాసిన రెండు రెడ్‌లు వరసగా తుస్సుమన్నాయి. బడులు మూశారు, బస్సులు ఆపారు, ఆకు కూడా కదల్లేదు. జనం ఫోన్లు చేసి తిట్టిన తిట్లన్నీ పెద్దసారు పొల్లుపోకుండా నాకు అప్పజెప్పారు.

"నాన్నా పులి కథ చదివావా?"

"చదివాను సార్."

"అయితే చిలక్కి చెప్పినట్టు చెబుతున్నా. రేపట్నుంచి కంప్యూటరు ఎంతంటే అంతే రాయి. నీ భయం అందులో కలపకు."

నోటిమాటతో వదల్లేదు, మెమో కూడా ఇచ్చారు. అందరి ముందూ సంతకం పెట్టి తీసుకున్నాను. ఆయన చెప్పింది తప్పు కాదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను.

"ఏంటే పిడుగూ, మొహం అలా మాడ్చుకున్నావు?" అన్నాడు.

"తలనొప్పి" అన్నాను.

ఇక నేను కలపను, మీరు తగ్గించుకోకండి అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ అది చెబితే మెమో సంగతీ చెప్పాలి. మా ఇంట్లో పెద్ద చదువు చదివింది నేనొక్కదాన్నే. చెప్పడానికి సిగ్గేసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ తరవాత పన్నెండు రోజులూ గాలీ వానా లేవు, చెప్పాల్సిన తొందరా కనబడలేదు.

పదమూడో రోజు పొద్దున కంప్యూటరు అరవై అంది. డెబ్బై రాయమని చెయ్యి లాగింది. మెమో గుర్తొచ్చి అరవై అనే రాసి, ఆరెంజ్ పెట్టి పంపించాను. వెంటనే అన్నయ్యకి ఫోన్ చెయ్యాలనుకున్నాను. అంతలో రేడియోవాళ్లు, బడులవాళ్లు, బస్సులవాళ్లు మొదలుపెట్టారు. ఆరెంజ్ అంటే ఏంటో, ఎంత జాగ్రత్తగా ఉండాలో రెండు గంటల పాటు ఒకళ్ల తరవాత ఒకళ్లకి ఓపిగ్గా చెప్పాను. ఊళ్లో అందరికీ చెప్పాను.

పదకొండింటికి గాలి వచ్చింది. మా మీటరులో అరవై రెండు.

"చూశావా, ఎంత సరిగ్గా సరిపోయిందో" అని పెద్దసారు నా బల్ల దగ్గరికొచ్చి మెచ్చుకున్నారు. పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఆయన ఇంకా అక్కడ ఉండగానే వదిన ఫోన్ చేసింది.

అన్నయ్య మిగిలిన ఇద్దరినీ కిందే ఉండమని, ఒక్కడే తొట్టి ఎక్కాడట. పద్నాలుగో అంతస్తు దగ్గర గాలి ఆ తొట్టిని తీసుకెళ్లి గోడకేసి కొట్టింది. ఆసుపత్రికి తీసుకొచ్చేసరికే ప్రాణం లేదు.

నేను వెళ్లేసరికి అమ్మ లోపల అన్నయ్య కాళ్ల దగ్గర కూలబడి ఉంది. వదిన బయట బెంచీ మీద కూర్చుని అరచేత్తో తన నోటి మీద తనే కొట్టుకుంటోంది.

"నేనే పొమ్మన్నాను" అంది నన్ను చూసి. "గాలి వచ్చేలా ఉంది, పిడుగు ఆరెంజ్ రాసింది, ఇవాళ మానేస్తానే అన్నారు మీ అన్నయ్య. దాని ఆరెంజ్ సంగతి మనకి తెలీదా, వెళ్లిరండి అన్నాను. నవ్వుతూ అన్నాను. ఈ నోటితోనే పంపించాను."

నేను ఊరుకుంటే ఆ పాపం జన్మంతా ఆవిడదే. ఊరుకుందామనే అనిపించింది, అబద్ధమెందుకు? ఒక నిమిషం ఊరుకున్నాను కూడా.

"నీ తప్పు లేదు వదినా. నేను కలపడం మానేశాను. ఆఫీసులో మెమో ఇచ్చారు, పన్నెండు రోజులైంది. మీకు చెప్పడానికి నామోషీ వేసి చెప్పలేదు. ఇవాళ రాసింది అసలైన ఆరెంజ్."

వదిన చెయ్యి ఆగిపోయింది.

"తలనొప్పన్నావే, ఆ రోజా?"

"ఆ రోజే."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ మాట అత్తయ్య చెవిన పడనివ్వకు" అంది. "ఆవిడకి ఇక మిగిలింది నువ్వొక్కదానివే. నన్ను మాత్రం మళ్లీ వదినా అని పిలవకు."

లేచి లోపలికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ఎలా జరిగింది, ఎందుకు ఎక్కాడు అని అమ్మ ఏడుస్తూ అడుగుతోంది. వదిన పక్కన కూలబడి అమ్మని రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

"నేనే పంపించాను అత్తయ్యా. మానేస్తానన్నా వినకుండా నేనే పంపించాను. తప్పంతా నాదే" అంది.

అమ్మ ఆవిడ చేతులు విదిలించి కొట్టి, లేచి వచ్చి నన్ను కావలించుకుంది. నేను నోరు విప్పలేదు.