రెండు బేసిన్లు

ఎర్ర బేసిను ముఖానికి, నీలం బేసిను కాళ్లకి. ఎస్తేరమ్మ మోచేత్తో నీళ్ల వేడి చూసి రెండింటినీ, దేని తువ్వాలు దాని పక్కన, ట్రాలీ మీద పెట్టింది. ఐర్లండ్‌లో డ్రోహెడా ఊళ్లోని ఈ వృద్ధాశ్రమంలో పదకొండేళ్లుగా ఆమె చేసే పని ఇదే. ముసలి ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం, గోళ్లు తీయడం. నడుం పట్టేసిన రోజున కూడా మానలేదు.

"మళ్లీ రెండా? మనిషికి ఒక్క బేసినే రూలని ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" ఇన్‌చార్జి నర్సు సరోజ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఇన్‌స్పెక్షన్ వాళ్లు చూస్తే నన్నడుగుతారు."

"ఒక్కదాంతో అయితే ఆ దిమిత్రు చెయ్యనివ్వడు. చెయ్యనివ్వకపోతే రేపట్నుంచి మత్తుబిళ్ల అంటిరి. నిద్రపుచ్చి కడగటానికి ఆయనేమన్నా గొడ్డా సిస్టర్‌గారూ? తప్పుకోండి, నీళ్లు చల్లారిపోతన్నయ్."

దిమిత్రు రొమేనియా నుంచి వచ్చిన ముసలాయన, జిప్సీలని పిలిచే రోమా జాతివాడు. మొదట్లో తప్పు చేసింది ఎస్తేరమ్మే. ముందురోజు కాళ్లు కడిగిన బేసిన్లోనే నీళ్లు పట్టి ముఖానికి తెచ్చింది. ఆయన దాన్ని ఎత్తి గోడకేసి కొట్టాడు. నడుం పైభాగం నీళ్లు, కింది భాగం నీళ్లు కలవకూడదట! ఆ మాట వినగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. మడా? ఇక్కడ కూడానా? దొరల వాకిట్లో ఎత్తునుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన నాయనమ్మకు మనవరాలామె.

అప్పుడు దిమిత్రు ఆమె మణికట్టు పట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. వల్లాకియా అని ఒకప్పుడొక రాజ్యం. ఐదువందల ఏళ్లు మేమక్కడ బానిసలం. మా తాతకు తాతను ఒక దొర మఠానికి దానమిచ్చాడు, ఎద్దులతో కలిపి కాగితం రాసి. మా ఒళ్లు వాళ్లది. ఈ నీళ్ల పద్ధతి ఒక్కటే మాది.

నాయనమ్మను దూరంపెట్టిన మడి వేరు, ఇది వేరు. ఎస్తేరమ్మ ఆ సాయంత్రమే బజారుకెళ్లి నీలం బేసిను కొనుక్కొచ్చింది.

ఇవాళ్టికి మూడు రోజులుగా ఆయన ఏమీ తినలేదు. అయినా ముఖం తుడుస్తుంటే గడ్డం పైకెత్తాడు. మెడ, భుజాలు, చేతులు అయ్యాయి.

"గ్రాండ్?" అంది, బాగుందా అని ఈ ఊరివాళ్లు అడిగే మాటతో.

"గ్రాండ్," అన్నాడు.

ఎర్ర బేసిను పక్కన పెట్టి, నీలందాన్ని అందుకుని తిరిగేసరికి ఛాతీ కదలడం లేదు. పిలిచింది. బుగ్గ తట్టింది. బెల్లు నొక్కింది.

సరోజ వచ్చి నాడి చూసి, గడియారం చూసింది. "పోయాడమ్మా. రూలు ప్రకారం మిగతాది ఆ ఎర్రదాంతోనే కానిచ్చెయ్. ఇంక ఆయనకేం తెలుస్తుంది?"

"నాకు తెల్సుగా!" ఎస్తేరమ్మ ఎర్ర బేసిన్ను ఇంకా దూరంగా జరిపింది. "బతికుండగా ఒప్పుకోంది, చచ్చాక నోరులేదని చేత్తామా? కంప్లయింటు రాసుకుంటే రాసుకోండి. నేనిట్టాగే కడుగుతా."

సరోజ డాక్టరుకు ఫోన్ చేయడానికి వెళ్లింది. ఎస్తేరమ్మ నీలం బేసిన్లో కొత్తగా వేడినీళ్లు పట్టుకొచ్చి, కాలివేళ్ల సందుల దాకా, తొందరపడకుండా కడిగింది.

స్ట్రెచరు వెళ్లిపోయాక, ఖాళీ గదిలో హీటరు మీద రెండు తువ్వాళ్లు ఒకదానికొకటి తగలకుండా ఆరుతున్నాయి.