చుక్కల గీత

డార్కా ఊపిరి బిగపట్టి గీత ముగించింది. ఊపిరి వదిలితే పెన్ను మొన వణుకుతుంది. ఆ అలవాటు ఒంటికి ఎంతగా పట్టిందంటే, మంచు పేరుకున్న బస్సు మెట్టు దిగేటప్పుడు కూడా ఆమె ఊపిరి తీసేది కాదు. తల ఎత్తి కళ్లు మూసుకుంది. మైక్రోస్కోపుకు ఆనించే ఎడమ కంటి చుట్టూ గుండ్రంగా ఒక గాడి. కుడి భుజం కిందికి జారిపోయింది. వేలి పక్కన పెన్ను ఒరిసిన చోట కాయ కాసింది. ఎవరైనా ఆమెనే సీసాలో పెట్టి చూస్తే, ఇది ఏ పని చేసే జీవో ఇట్టే చెప్పేస్తారు.

మ్యూజియం నేలమాళిగలో ఉన్న పురుగుల విభాగానికి కిటికీ లేదు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఇది ఫిబ్రవరి అని గుర్తు చేసేది గుమ్మం దగ్గర ట్రేలో నీళ్లు కారుతున్న బూట్లే. ఇవాళ్టితో ఆమె ఉద్యోగం అయిపోతుంది. విభాగం తెస్తున్న పెద్ద పుస్తకం నిండా ఆమె వేసిన బొమ్మలే ఉండాల్సింది. కెమెరా వచ్చాక ఒక్కో బొమ్మనూ తీసేసి ఫొటో పెట్టుకుంటూ వచ్చారు. ఒక్క పురుగు మాత్రం కెమెరాకు లొంగలేదు. చలికాలంలో మంచు మీద నడిచే చిన్న ఈగ అది. ఉత్తరాన ఒక వాగు ఒడ్డున ఎవరో పాస్టరు ఏరి పంపాడు. అలాంటిది మళ్లీ ఎవరికీ దొరకలేదు. పోస్టులో సీసా పగిలి, ఈగ ఎండి ముక్కలైంది. తల, ఒక మీసం, రెండు కాళ్లు, రెక్కల మొదళ్లు మిగిలాయి. ముక్కల్ని ఫొటో తీస్తే ముక్కలే వస్తాయి.

"ఉన్నవాటిని కెమెరా చూసుకుంటుంది డార్కా. లేనివాటికే మీరు కావాలి," అన్నాడు విభాగాధిపతి డాక్టర్ ప్రూయిట్. పెద్ద జోకు వేసినట్టు తనే నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ పుస్తకంలో తన చేతి జీవి ఒక్కటైనా నిండుగా నిలబడాలన్న కోరిక అప్పుడే పుట్టింది. అప్పటినుంచి అది భోజనం దగ్గర కూడా ఆమె పక్కనే కూర్చుంటోంది.

ఈ పనిలో ఒక నియమం ఉంది. చూసినదాన్ని నిండు గీతతో గీయాలి. చూడకుండా ఊహించినదాన్ని చుక్కల గీతతో గీయాలి. డార్కా బల్ల దగ్గర ఆ నియమాన్ని ఇవాళ్టి దాకా తప్పలేదు. బయట తప్పింది. రోమన్‌ను పెళ్లాడినప్పుడు ఆమె చూసింది కొంచెం, గీసుకున్నది చాలా, అదీ నిండు గీతతో. అతను ఆల్బెర్టా చమురు బావుల్లో పనికని వెళ్లి, కొన్నాళ్లు ఫోన్లు చేసి, మానేశాడు. ఆ తర్వాత ఆమె మనుషుల్ని ఊహించడం మానేసింది. ఎదుటివాళ్లు చూపించినంత వరకే చూసేది. జనం ఆమెను బండ మనిషి అన్నారు. ఆ మాటలో తప్పేమీ ఆమెకు కనిపించలేదు.

"ఏంటి బాస్, ఇంకా మీసాల దగ్గరే ఉన్నావా?" కెమెరా నడిపే గ్లెన్ కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు.

"ఒకటే ఉంది. రెండోది లేదు."

"ఉన్నదాన్ని తిప్పి అతికించెయ్. మా దగ్గరైతే ఒక మీట నొక్కుతాం, అయిపోద్ది."

"అది అద్దంలో బొమ్మ. రెండో మీసం కాదు."

"అబ్బో! ఇంటికి పోయే రోజున కూడా పాఠమేనా? సర్లే, ఆ డబ్బాలో ఏముంది, అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలేనా?"

"ఒకటి తీసుకో. రెండోది ముట్టుకోకు."

అతను రెండూ తీసుకుని దొర్లుకుంటూ పోయాడు.

మధ్యాహ్నానికి ఈగ పూర్తయింది. అన్నీ నిండు గీతలే. పురుగుల్ని కాళ్లు బార్లా చాపి, రెండు వైపులా సమానంగా గీయడం పద్ధతి. ఆమె ఈగ మాత్రం ముందుకాలు ఒకటి ఎత్తి, మంచు మీద మోపాలా వద్దా అని ఆగి ఉంది. తల కొంచెం పక్కకు తిరిగింది. చిన్న రెక్కలు వీపుకు అంటుకుని ఉన్నాయి.

ప్రూయిట్ వచ్చి చాలాసేపు చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"బాగుంది. నిజంగా బాగుంది. బతికున్నట్టుంది."

ఆమె ఎదురుచూసింది.

"కానీ ఇది పుస్తకంలోకి ఎలా వెళ్తుంది? ఈ రెక్కలు ఎవరు చూశారు? ఈ కాలెత్తడం ఎవరు చూశారు?"

"రెక్క మొదలు చూశాను. అది ఎంత సన్నగా ఉందంటే ఇంతకన్నా పెద్ద రెక్కను మోయలేదు."

"అది మీ నమ్మకం డార్కా. చూడనివాటిని చుక్కలు చేసేయండి, రేపు ప్రెస్‌కు పంపుతాను. లేదా ఇలాగే ఉంచండి. గిఫ్ట్ షాపు వాళ్లకిస్తే కప్పుల మీద వేసుకుంటారు. వాళ్లకి ఆర్ట్ అంటే మహా ఇష్టం."

"కప్పుల మీదా?"

"బానే అమ్ముడవుతాయి మరి. చూడండి, ఆఖరి రోజున మీతో గొడవెందుకు నాకు?"

అతను చెప్పింది సరైనదే. ఆ కుర్చీలో తానున్నా అదే మాట అనేది. అతను వెళ్లగానే బ్లేడు అందుకుంది.

సుద్ద పూసిన అట్ట మీద ఆరిన సిరాను బ్లేడు మొనతో గీకితే తెల్లబడుతుంది. నిండు గీతను అక్కడక్కడా తెంపుకుంటూ పోతే చుక్కల గీత అవుతుంది. కుడి రెక్కతో మొదలుపెట్టింది. ప్రతి తెంపుకూ ఊపిరి బిగపట్టింది. ఎడమ రెక్క అయింది. లేని కాళ్లు, లేని మీసం అయ్యాయి. ఎత్తిన కాలు దగ్గర ఆగింది. మిగిలిన రెండు కాళ్లలో అదొకటి. కాలును చూసింది. ఎత్తడం చూడలేదు. బ్లేడు ఆనించింది.

తలను చూసింది, కానీ అది ఎటు తిరిగి ఉండేదో చూడలేదు. కన్ను చూసింది, ఎండిపోయాక. ఈ ఈగ ఈగగా ఉన్నప్పుడు తాను చూసిందేమిటి? కోపంతో చేస్తున్నానా అని తనను తాను అడిగింది. లోపల వెతికితే కోపం దొరకలేదు. నియమం పాటిస్తున్నాను, అంతే, అనుకుంది. తలను తెంపింది. ఉన్న మీసాన్ని తెంపింది.

"బాస్, పైన కేకు కోస్తున్నారు!" గ్లెన్ మెట్ల మీంచి అరిచాడు. "రాకపోతే దాని మీద క్రీమ్ పువ్వు నేను తినేస్తా!"

"తినెయ్."

"నిజంగా తినేస్తా!"

"తినమనేగా చెప్తున్నా."

అతని అడుగులు పైకి వెళ్లిపోయాయి. ఆమె లేచి బూట్లు వేసుకుంది, కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుంది, సామాను దించే వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయింది. పైన ఆమెను ఎవరో రెండుసార్లు పిలిచారు. తర్వాత ప్లేట్ల చప్పుడు మొదలైంది.

బల్ల మీద దీపం ఆర్పలేదు. దాని కింద అట్ట మీద ఈగ మొత్తం చుక్కలే. పక్కన, ఆ జీవి అసలు పొడవెంతో చెప్పడానికి గీసే చిన్న నల్లటి కొలగీత మాత్రం ఎక్కడా తెగకుండా ఉంది.