తలుపేసి వండిన జాప్‌చే

మా తోడికోడలు కీర్తన ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఆమె చేతి వంట ఎవరం తినలేదు. కనీసం బయటి వాళ్ళకు అలాగే చెబుతాం.

హిందూపురంలో మాది శెట్టిగారిల్లు. కోడిగుడ్డు మా వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. కీర్తనది పెనుకొండ పక్కన ఎర్రమంచి, రైతుల పిల్ల. అక్కడ కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండలో కొరియా వాళ్ళ గెస్ట్‌హౌస్‌లో మూడేళ్ళు వంటపని చేసింది. మా మరిది మనోహర్ ఆ గెస్ట్‌హౌస్‌కు సరుకులు వేయడానికి పోయి, ఈ పిల్లను పెళ్ళి చేసుకొచ్చాడు. మా అత్త కమలాక్షి ఏడవలేదు, అరవలేదు. ఒకటే మాట చెప్పింది.

"కూరగాయలు తరుగు, బియ్యం ఏరు, గిన్నెలు కడుగు. పొయ్యి మాత్రం ముట్టొద్దు. ఆ చేత్తో ఆడ ఏమేం వండినావో మాకొద్దు."

అప్పటినుంచి కీర్తన వంటింటి గడప అవతల పీటేసుకుని తరుగుతుంది. మొదట్లో నన్ను తెగ బతిమాలేది. "ఒక్కరోజు నన్ను చేయనీ అక్కా. ఒక్కసారి తింటే చాలు, మీరే రమ్మంటారు" అనేది. నేను తాలింపు చప్పుడులో వినబడనట్టు ఉండేదాన్ని. వంటిల్లు నాది. పన్నెండేళ్ళు ఆ పొగలో నిలబడి సంపాదించుకున్నాను. పంచుకోవడానికి నాకేం ఖర్మ?

పోయిన నెల మా ఆయన విజయ్ కుమార్, నామ్ సార్‌ను ఆదివారం భోజనానికి పిలిచాడు. గెస్ట్‌హౌస్‌లన్నిటికీ సరుకులు ఎవరు వేయాలో తేల్చే కొరియా ఆయన. జాప్‌చే అంటే ఆయనకు ప్రాణమట. జాప్‌చే అంటే గెనుసుగడ్డ పిండితో చేసిన సేమ్యాలు, కూరగాయలు వేసి వేయించేది. మాంసం లేకుండా చేయొచ్చని కీర్తనే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లలా ఉంది.

అత్త ఆ ముఖం మీద నీళ్ళు చల్లింది. "నువ్వు ఆన్నే నిలబడి చెప్పు. అమూల్య చేస్తాది. గడప దాటొద్దు."

సరే, ఆదివారం పొద్దున నేను పొయ్యి దగ్గర, ఆమె గడప దగ్గర. "ఉడికిన వెంటనే చన్నీళ్ళలో జాడించల్ల అక్కా" అంది. సేమ్యా వండడం ఈమె నాకు నేర్పుతుందా? అలాగే వదిలేశాను. పది నిమిషాలకు గిన్నెలో ఒకటే ముద్ద. అట్లకాడతో ఒక పక్క ఎత్తితే మొత్తం లేచొచ్చింది. గంటలో నామ్ సార్ వస్తాడు. అత్త ముందు గదిలో దిండ్లు సర్దుతోంది. వంటింటి తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించి, "లోపలికి రావే" అన్నాను.

"నిజంగానా అక్కా?" అంది. కాళ్ళు కడుక్కుంది, చేతులు రెండుసార్లు కడుక్కుంది. అప్పుడు గడప దాటింది.

ఇంకో ప్యాకెట్ ఉడకేసింది. చన్నీళ్ళలో జాడించి, కత్తెరతో కత్తిరించి, నువ్వుల నూనె పట్టించింది. క్యారెట్ వేరుగా, క్యాప్సికం వేరుగా, ఉల్లిపాయలు వేరుగా వేయించింది. పాలకూర పచ్చదనం పోకుండా వేన్నీళ్ళలో ముంచి తీసి పిండింది. సోయా సాస్, చక్కెర పోసి అన్నీ ఒక పళ్ళెంలో వేసి రెండు చేతులతో కలపడం మొదలుపెట్టింది. "గరిటె పెడితే తెగిపోతాయి అక్కా. చేత్తోనే కలపల్ల." అంతసేపూ నవ్వుతూనే ఉంది. ఒక పోగు తీసి నా నోటి దగ్గర పెట్టింది. ఆలోచించకుండా నోరు తెరిచాను.

"ఎట్లుంది అక్కా?"

బాగుంది. అంత బాగున్నందుకే నాకు ఒళ్ళు మండింది. "పో, పో, అత్త వస్తాది" అని గడప అవతలికి తోశాను.

నామ్ సార్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆయన తినడం చూసి అత్తకు నోరూరింది. "మన గెనుసుగడ్డే కదమ్మా, కొంచెం వేయి" అంది. కొంచెం అయ్యాక ఇంకొంచెం అంది. "అమూల్యా, నీ చెయ్యి బంగారం" అని అందరి ముందూ మెచ్చుకుంది.

అప్పుడు వంటింటి గడప దగ్గరనుంచి కీర్తన గొంతు వినిపించింది. "అత్తా, అది చేసింది నేను. నా చేత్తోనే కలిపినా."

పిచ్చిది. ఒకసారి తిన్నారు కాబట్టి ఇక అంతా సర్దుకుపోయిందనుకుంది.

అత్త చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "ఏమ్మే అమూల్యా, నిజమా?"

నిజమంటే అత్తకు రెండుసార్లు ఆ చేతి వంట పెట్టిన పాపం నాది. నిజమంటే రేపటినుంచి ఆ పొయ్యి దగ్గర ఇద్దరం. "లేదత్తా" అన్నాను. "అది గడప కాన్నే ఉండాది. చేసింది నేనే."

కీర్తన రెండు చేతులూ చాచింది. వేళ్ళ సందుల్లో నూనె మెరుస్తోంది. "వాసన చూడండత్తా."

"గిన్నెలు కడిగిన చేతులు. వాసన రాదా?" అన్నాను.

ఆమె మొగుడి వైపు చూసింది. పెళ్ళికి ముందు మనోహర్ ఆ గెస్ట్‌హౌస్ వెనక నిలబడి ఈ జాప్‌చే ఎన్నిసార్లు తిన్నాడో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మొదటి ముద్దకే వాడు గుర్తుపట్టి ఉంటాడు. వాడు తల ఎత్తలేదు. తినడమూ ఆపలేదు.

నామ్ సార్ వెళ్ళాక అత్త తీర్పు చెప్పింది. "అబద్ధాలాడేది ఇంక కత్తిపీట కూడా ముట్టొద్దు." నాకు మాత్రం బీరువాలోంచి ధర్మవరం పట్టుచీర తీసిచ్చింది. తీసుకున్నాను. రంగు కూడా నాకు నచ్చింది.

మరుసటి ఆదివారం నామ్ సార్ మళ్ళీ వస్తానన్నాడు. ఈసారి ఎవరినీ పిలవకుండా నేనే చేశాను. చన్నీళ్ళలో జాడించాను, కూరగాయలు మాత్రం అన్నీ ఒకేసారి బాణలిలో వేసి గరిటెతో తిప్పాను. సేమ్యాలు తెగి పిట్టు పిట్టయ్యాయి. నామ్ సార్ రెండు ముద్దలు తిని, నవ్వి, ఇంగ్లీషులో ఏదో అడిగాడు. మా ఆయన అమాయకంగా అదే తెలుగులో చెప్పాడు.

"పోయినవారం చేసినామె ఊర్లో లేదా అని అడుగుతాండాడు."

అత్త నావైపు చూసింది. నలభై ఏళ్ళు ఇంటికి వండిపెట్టిన మనిషి, ఆమెకు విడమరిచి చెప్పాలా? నా పని అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో బరువు దిగినట్టు కూడా అనిపించింది.

అత్త కొడుకుతో మెల్లగా అంది. "ఆమెకు ఒంట్లో బాగలేదని చెప్పు నాయనా. వచ్చేవారం చేస్తాదను."

ఆయన్ను సాగనంపి వంటింట్లోకి వచ్చింది. నా ముఖం చూడకుండా, నీళ్ళ బిందె మీద మూత సర్దుతూ అంది. "వచ్చే ఆదివారం తలుపేసుకోండి. నేను ఈ పక్కకు రాను. అది రానంటే ఎర్రమంచిలో దింపొస్తానని మనోహర్‌తో చెప్పిస్తాలే."

మనోహర్ చెప్పాడు. కీర్తన వచ్చింది. తలుపు వేశాను. చేతులు రెండుసార్లు కడుక్కుని పని మొదలుపెట్టింది.

"అత్తకు తెలుసు కదక్కా?"

"తెలుసు."

"మరి ఎప్పుడన్నా చెప్తాదా?"

"చూద్దాంలే" అన్నాను. ఆ రోజు ఆమె నా నోటికి పోగు అందించలేదు. నాకు సిగ్గేసింది. అయినా ఆమె అటు తిరిగినప్పుడు తీసుకుని తిన్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఇదే. నామ్ సార్ వచ్చినా రాకపోయినా అత్తకు జాప్‌చే కావాలి. రెండుసార్లు పెట్టించుకుంటుంది, "అమూల్యా, నీ చెయ్యి బంగారం" అని గడప అవతలికి వినబడేట్టు అంటుంది. అక్కడ కీర్తన నేను వండిన అన్నం కలుపుకుని తింటూ ఉంటుంది.

మొన్న బెంగళూరు నుంచి వచ్చిన చుట్టాలావిడ, చిన్నకోడలు వంటా గింటా చేస్తుందా అని అడిగింది. అత్త సేమ్యా పోగు నోట్లోకి లాక్కుని, మూతి తుడుచుకుంది.

"యాడిదమ్మా! ఈ పొద్దు వరకూ దాని చేతి వంట మేం ముట్టింది లేదు."

నేను వడ్డిస్తూ, అవునన్నాను.