క్లిప్పు వీపు

"మళ్లీ ఊడొచ్చిందే తల్లీ, ఇది మూడోది," అంటూ మేనమామ అరచేయి చాపాడు. చేతిలో బియ్యపుగింజంత లోహపు ముక్క, పంటికి జిగురుతో అతికించే క్లిప్పు. యాభై రెండేళ్ల వయసులో పళ్లు సరిచేయించుకోవాలని ముచ్చటపడి, పళ్ల డాక్టరు చదువు చివరి ఏడాదిలో ఉన్న మేనకోడలికే నోరు అప్పగించాడాయన.

"గట్టివేమైనా నమిలావా మామయ్యా?"

"అరటిపండు తింటుంటే ఊడిందే! నలుగురిలో నా పరువు తీసింది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పన్ను ఆరబెట్టడంలోగానీ జిగురు పెట్టడంలోగానీ తాను పొరపాటు చేయలేదు. ఆ ముక్క పట్టుకుని కాలేజీ ల్యాబుకు వెళ్లింది. అక్కడ మైక్రోస్కోపు చూసుకునే పెద్దావిడను అందరూ కళ్లజోడమ్మ అంటారు.

"మొహం కాదమ్మా, వీపు చూడాలి," అంటూ ఆవిడ క్లిప్పును బోర్లా పెట్టింది. తెర మీద నున్నటి బండ, దాని మీద నాలుగు గాట్లు. జిగురు జాడే లేదు.

"జిగురంతా మీ మామయ్య పంటి మీదే ఉండిపోయింది. దీనికి పట్టు ఎక్కడుంది చెప్పు?"

తర్వాత మరో రకం క్లిప్పు పెట్టింది. మేనకోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. వీపంతా జల్లెడ! వెంట్రుకకన్నా సన్నటి తీగలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరి, వరసలు వరసలుగా, తెర అంచుదాకా.

"ఇంత చిన్నదానిమీద ఇంత నేతా!"

పీకేసిన పళ్లను ప్లాస్టరు దిమ్మల్లో నిలబెట్టి, రెండు రకాలూ అతికించి, ఎంత బలానికి ఊడతాయో కొలిచే మిషను కింద పెట్టారు. నున్నటివి అయిదు కిలోల బరువుకే టక్కున రాలాయి. జల్లెడది పది దాటింది, పన్నెండు దాటింది. పద్నాలుగు దగ్గర ఊడింది. జల్లెడ కన్నాల్లో జిగురు ఇంకా వేళ్లు దించుకునే ఉంది. కింద పన్ను మాత్రం చెక్కు చెదరలేదు.

"అదీ పనితనం," అంది కళ్లజోడమ్మ మెల్లగా. "ఇంతకన్నా గట్టిగా పట్టుకుంటే, తీసేటప్పుడు పంటి పెచ్చు లేచొస్తుంది. నమిలితే ఊడకూడదు, డాక్టరు తీస్తే రావాలి. ఎవరు లెక్క కట్టారో మహానుభావులు!"

ఆమె జల్లెడ క్లిప్పును అరచేతిలోకి తీసుకుంది. రెండేళ్లుగా రోజూ చేత్తో పట్టుకుంటున్న వస్తువును ఒక్కసారీ తిప్పి చూడలేదు.

మర్నాడు మేనమామ పాత క్లిప్పులన్నీ తీసేసింది.

"అయితే తప్పు వీటిదేనన్నమాట!"

"వీటిని ఏరుకున్నది నేనేలే మామయ్యా. నోరు తెరువు."

కొత్తవి ఒక్కటీ ఊడలేదు. ఏడాదిన్నరకు వాటిని తీసేసిన రోజు, మేనమామ అద్దం ముందు నాలుకతో పళ్లన్నీ తడుముకుని, నలుగురికీ చూపించడానికి బయల్దేరాడు.