మంచుకొండకి గడియారం

“పులిహోర కాస్త ఎక్కువ కలుపు ప్రియా, కమిటీ వాళ్ళు అడిగి మరీ తింటున్నారు,” అన్నాడు మా ఆయన శ్రీకర్, స్కీలు కారు పైకెక్కిస్తూ. ఆ మాటని మెచ్చుకోలు కింద జమ వేసుకోవాలో, పని కింద రాసుకోవాలో నాకు ఎప్పటికీ తేలదు. చలికాలం శనివారాలన్నీ మాకు ఇలాగే మొదలవుతాయి. కాన్‌బెర్రాలో చీకటి ఉండగానే బయల్దేరతాం. కూమా ఊరు దాటాక మా అమ్మాయి సాహిత్య వెనక సీట్లో నిద్రలేచి రేసు సూటు తొడుక్కుంటుంది. కొండ కింద స్కీ క్లబ్ వాళ్ళ హట్‌లో ఒక వంటగది ఉంది. దాని కిటికీ కార్ పార్కింగ్ వైపు తెరుచుకుంటుంది. నా కూతురు పైన మంచులో పాతిన గేట్ల కర్రల మధ్య దూసుకుపోతుంటే నేను ఆ కిటికీలోంచి కార్ల మీద కరిగే మంచు చూస్తూ సూప్ వేడిచేసేదాన్ని. అది రేసుల్లో చేరి ఇన్ని చలికాలాలు గడిచినా కొండ దిగుతుండగా నేను ఒక్కసారీ చూడలేదు. “నువ్వు జారిపడితే అదొక గొడవ. కింద ఎవరో ఒకరు ఉండాలి కదా,” అని శ్రీకర్ మొదటి ఏడాదే తేల్చేశాడు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

నాది వ్యాపారం. కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో ఇండియన్ గ్రాసరీ నడుపుతాను. ఏ బియ్యం ఎసట్లో విచ్చుకుంటాయో, ఏవి ముద్దవుతాయో గుప్పెడు వండి చూసిగానీ బస్తా దించుకోను. ఒంగోలు నుంచి వచ్చి మూడు నెలలుండి వెళ్ళిన మా అత్తగారు విద్యావతి నా కొట్టు చూసి, “కొట్లో కూర్చోవడమేగా, నీకూ కాలక్షేపం అవుతుంది,” అన్నారు. ఆవిడ కొడుకు గవర్నమెంటు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. దాన్ని మాత్రం ఉద్యోగం అంటారు. కూర్చోవడంలో కూడా తేడాలున్నాయని నాకప్పుడు తెలిసింది.

ఇక్కడ నిండు చలికాలమైన జూలైలో క్లబ్ కమిటీ ట్రైనింగ్ కోసం వైర్‌లెస్ టైమింగ్ కొనాలని నిర్ణయించింది. అప్పటిదాకా కోచ్ మెగ్ చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని బొటనవేలితో నొక్కేది. అమ్మాయిల మధ్య తేడా ఆ వేలు కదిలేంత కూడా ఉండదు. ఈసారి బాగా దిగావో, నా వేలు ఆలస్యమైందో చెప్పలేనని మెగ్ ఒకరోజు సాహిత్యతో నిజాయితీగా ఒప్పుకుంది. ఆ సాయంత్రం కారులో పిల్ల కిటికీకి తల ఆనించి, “వాట్స్ ద పాయింట్, మామ్? ఐ డోంట్ ఈవెన్ నో ఇఫ్ ఐయామ్ గెటింగ్ బెటర్,” అంది. ఈ సీజన్‌తో మానేస్తానంది. ఎంత పనిచేసినా ఎవరూ కాటా పెట్టకపోతే మనిషి లోపల ఏమవుతుందో నాకు బాగా తెలుసు. నా కూతురికి అది పద్నాలుగో ఏటే తెలియడం నాకు నచ్చలేదు.

ఏది కొనాలో చూసే బాధ్యత శ్రీకర్ చెయ్యెత్తి మరీ తీసుకున్నాడు. “టెక్నికల్ కదా, నేను చూసుకుంటా. నువ్వు జస్ట్ కొటేషన్లు తెప్పించు,” అన్నాడు. ఆ జస్ట్ అనే మాట కింద మా ఇంట్లో ఎంత పని పడుతుందో చెప్పాలంటే ఈ కథ చాలదు. సోమవారానికల్లా మొత్తం వ్యవహారం నా కౌంటర్ మీదికి వచ్చి పడింది. ఒక చేత్తో కరివేపాకు కట్టలు కడుతూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని అడగడం మొదలుపెట్టాను. గ్లోవ్స్ తీయకుండా మీటలు నొక్కొచ్చా? ఒకమ్మాయి ఇంకా దిగుతుండగానే రెండో అమ్మాయి బయల్దేరితే ఇద్దరినీ విడివిడిగా లెక్కపెడుతుందా? చలికి బ్యాటరీ ఎంతసేపు ఓర్చుకుంటుంది? శ్రీకర్ మనసులో ఒకటి అప్పటికే ఖాయమైంది. అందంగా ఉంది, టైమ్ నేరుగా అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది. కానీ ఆ కంపెనీ వాళ్ళు నమూనా పంపం, వీడియో చూసుకోమన్నారు. బస్తా మీద బొమ్మ చూసి బియ్యం కొనే అలవాటు నాకు లేదు. రెండో కంపెనీది చూడ్డానికి ఇటుకరాయిలా ఉంటుంది, స్టార్ట్ నుంచి ఫినిష్‌కి రేడియోతో మాట్లాడుతుంది. నేను అడిగిందే తడవుగా వాళ్ళు ఒక సెట్ పంపారు.

దాన్ని తీసుకెళ్ళి కొట్లో పెద్ద ఫ్రీజర్‌లో, పరోటా ప్యాకెట్లకీ మునక్కాయ ముక్కలకీ మధ్య పెట్టాను. పొద్దున్నే ఇడ్లీ రవ్వ కోసం వచ్చిన శ్యామసుందరి ఆంటీ ఫ్రీజర్ తలుపు తీసి, “ఏంటమ్మా, గడియారాలు కూడా ఫ్రోజెన్‌వి అమ్ముతున్నావా?” అన్నారు. పరోటాల మధ్య ఆ పెట్టె ఎర్రగా మినుకుమంటూనే ఉంది. రాత్రంతా ఆ చలిలో ఎవరూ చూడకపోయినా తన పని తాను చేసుకుంటూనే ఉంది. కాసేపు తలుపు మూయలేకపోయాను.

శ్రీకర్ మాత్రం ఫోన్లలోకి వచ్చేదే బాగుందన్నాడు. మన ట్రైనింగ్ జరిగే చోట సిగ్నల్ ఉండదు కదా అన్నాను.

“పైన ఎలా ఉంటుందో నీకేం తెలుసు? నువ్వెప్పుడూ రాలేదుగా.”

“మీ మెసేజ్‌లన్నీ మధ్యాహ్నం ఒక్కసారే కట్టగట్టుకొస్తాయి. ఎంతమంది తింటారని పొద్దున్న అడిగితే, వడ్డించడం అయ్యాక జవాబొస్తుంది.”

 సరే, రెండోదే కొనమని మీటింగ్‌లో నేను చెప్తాలే అన్నాడు. చెప్పాడు కూడా. కమిటీ వాళ్ళు అతన్ని చాలా మెచ్చుకున్నారట. అదీ అతనే ఇంటికొచ్చి చెప్పాడు. నేను పప్పు కడుగుతూ విన్నాను.

ట్రయల్ రోజున మెగ్ మంచు బూట్లతోనే వంటగదిలోకి వచ్చింది. మీటింగ్‌లో విన్న గడియారం పెట్టెని ఫ్రీజర్‌లో పెట్టింది ఎవరని నేరుగా అడిగింది. నా వెనక నిలబడ్డ శ్రీకర్, “వియ్ డిడ్,” అన్నాడు. మెగ్ నా వైపే చూస్తూ, పైన స్టార్ట్ దగ్గర ఒక మనిషి కావాలి, ఆ ప్రశ్నలడిగిన మనిషైతే బాగుంటుంది అంది. లంచ్ సంగతేమిటని శ్రీకర్ గొణిగాడు. నేను ఏప్రన్ విప్పి కొక్కానికి తగిలించాను.

చెయిర్‌లిఫ్ట్ అనే వేలాడే కుర్చీ ఎక్కి దాని కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్ళ కింద నేల వదిలి వెళ్ళిపోయాక, స్నో గమ్ చెట్ల కొమ్మలు మంచుతో వంగి చేతికందేంత దగ్గరగా జరిగిపోతుంటే పట్టు ఎప్పుడు సడలించానో తెలియలేదు. పైకి చేరి తలెత్తాను. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, అన్నీ ఎండలో మౌనంగా మెరుస్తున్నాయి. ఏ వస్తువు చూసినా దీనికెంత పడుతుందని అంచనా వేసే బుర్ర నాది. అది ఆ తెలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఇదంతా నా వంటగది గోడకి అవతలే ఉంది. కిటికీ ఇటువైపు ఉండాల్సింది అనుకున్నాను.

స్టార్ట్ దగ్గర తలుపు గొళ్ళెంలా ఒక సన్నటి కర్ర అడ్డంగా ఉంటుంది. కాలు దాన్ని నెట్టగానే గడియారం మొదలవుతుంది. కింద ఫినిష్ దగ్గర రెండు గుంజల మధ్య కంటికి కనబడని వెలుగు గీత ఉంటుంది. దాన్ని మనిషి దాటగానే గడియారం ఆగుతుంది. ఆ గీత ఎవరు దాటినా గుర్తిస్తుంది, ఎవరి కూతురు, ఎవరి భార్య అని అడగదు. బయల్దేరే అమ్మాయి నంబరు వాకీటాకీలో కింద ఫినిష్ దగ్గరున్న శ్రీకర్‌కి చెప్పడమే నా పని. సాహిత్య వరసలో ముందుకొచ్చి నన్ను చూసి ఆగిపోయింది. “మామ్. యూ కేమ్ అప్,” అంది నెమ్మదిగా. తర్వాత ముఖం మారిపోయింది, అది నాకు తెలియని ముఖం. చేతికర్రలు మంచులో గుచ్చి, ఊపిరి పీల్చి, కొండ అంచు మీంచి పడిపోయింది. పడిపోయిందనే అనుకున్నాను. ఒళ్ళంతా మంచుకి ఆనేంతగా వాలి, గేటు గేటునీ చేత్తో కొట్టి పక్కకి తోసేస్తూ, కొత్త గుడ్డ తాను చింపినట్టు చప్పుడు చేస్తూ నా కూతురు వెళ్ళిపోయింది. నేను కని, పెంచి, డబ్బాలు కట్టి పంపిన పిల్ల ఇదేనా? కళ్ళలో నీళ్ళు చలికి వచ్చాయో దేనికి వచ్చాయో తేల్చుకునే ప్రయత్నం చేయలేదు.

టైమ్ స్పష్టంగా వచ్చింది. మధ్యలో పెట్టిన ఇంకో గీత లెక్క కూడా వచ్చింది. నిటారుగా ఉన్న పై భాగంలో సాహిత్యే అందరికంటే ముందుందని, కింద చదునులో ఆ టైమ్ పోగొట్టుకుంటోందని మెగ్ చెప్పింది. మళ్ళీ లిఫ్ట్ ఎక్కి వచ్చిన పిల్ల ఆయాసపడుతూ, “వన్ మోర్ రన్,” అంది. మానేసే మాట ఎత్తలేదు. చీకటి పడేదాకా అలాగే దిగుతానన్నట్టుంది వాలకం.

అమ్మాయిలంతా దిగిపోయారు. మెగ్ కూడా దిగింది. కర్ర విప్పుకుని లిఫ్ట్‌లో కిందికి రమ్మని వాకీటాకీలో శ్రీకర్ చెప్పాడు. గేట్ల పక్కన వల కట్టిన అంచు వెంట రేసు దారిని ముందుగా చూసుకునేవాళ్ళు తొక్కిన నడకబాట ఉంది. మెత్తగా, మెట్లుమెట్లుగా కిందిదాకా వెళ్తోంది. విప్పడానికి వంగినదాన్ని మళ్ళీ లేచి నిలబడ్డాను. కాలితో ఆ కర్రని ముందుకి నెట్టాను.

“ప్రియా, ఇక్కడ టైమర్ పరిగెడుతోంది. ఎవరో తగిలినట్టున్నారు, రీసెట్ కొట్టేస్తున్నా,” అన్నాడు శ్రీకర్.

“కొట్టకండి.”

“ఎవరు స్టార్ట్ అయ్యారు? పైన ఎవరూ లేరుగా.”

“నేనున్నాను.”

 “మరి లంచ్?” అన్నాడు.

“గిన్నె మీద మూత తీసి వడ్డించుకోండి. గడియారం మాత్రం ఆపకండి. నేను దిగుతున్నాను.”